బ్రాయిలర్ మేతలో ఆమ్లాలు ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ వృథా అవుతాయి

మేతలో సేంద్రియ ఆమ్లం కలిపితే కోడి పేగు పుల్లబడుతుంది, ఆ పులుపుకు హానికర బ్యాక్టీరియా చస్తుంది అన్నది బాగా పాతుకుపోయిన నమ్మకం. అందుకే అసిడిఫయర్ (మేతలోనో నీళ్లలోనో కలిపే ఆమ్ల సరుకు) కొనేముందు చాలామంది చేసే పరీక్ష ఒక్కటే: కాసిని నీళ్లలో చిటికెడు వేసి పీహెచ్ స్ట్రిప్ ముంచి చూడటం. అంకె ఎంత దిగితే సరుకు అంత గట్టిదని లెక్క. నిజానికి ఆ స్ట్రిప్ చెప్పేది చాలా తక్కువ. టన్ను మేతకు రెండు మూడు కిలోల ఆమ్లంతో బ్రాయిలర్ చిన్నపేగు పీహెచ్‌ను చెప్పుకోదగినంత దించడం సాధ్యం కాదు. క్లోమరసంలోని బైకార్బొనేట్ ఆ పులుపును చిన్నపేగు మొదట్లోనే విరిచేస్తుంది. అయినా సరిగ్గా ఎంచుకుని, పనిచేయగల చోటికి చేర్చిన ఆమ్లం వల్ల మేలు ఉంది. ఆ మేలు జరిగే దారి మాత్రం వేరు. అది తెలియకుండా మోతాదు పెంచుకుంటూ పోతే పెట్టిన డబ్బు మేతలోనే ఉండే, ఆమ్లాన్ని విరిచే సున్నపురాయి పాలవుతుంది.

పెరుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని స్వీడన్ 1986లో నిషేధించింది. ఐరోపా సమాఖ్య మొత్తం 2006 జనవరి 1 నుంచి ఆపేసింది. ఆ ఖాళీలోకి వచ్చిన వాటిలో ఆమ్లాలు ముఖ్యమైనవి. అయితే వీటి మీద తొలినాటి అనుభవం ఎక్కువగా తల్లిపాలు మాన్పించిన పందిపిల్లల దగ్గర వచ్చింది. పాలు మానిన కొత్తలో పందిపిల్ల జీర్ణాశయం తగినంత హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరించలేదు. మేతలో వేసిన ఆమ్లం ఆ లోటును కొంత పూడుస్తుంది. కోడిపిల్లకు అలాంటి లోటు లేదు. దాని ముందు జీర్ణాశయం మొదటి రోజుల నుంచే ఆమ్లాన్ని ఊరిస్తుంది, కందనకాయలో పీహెచ్ మామూలుగానే 2.5 నుంచి 3.5 మధ్య ఉంటుంది. కాబట్టి ‘జీర్ణానికి తోడ్పడే పులుపు’ అనే వాదన పందుల దగ్గర చెల్లినంతగా కోళ్ల దగ్గర చెల్లదు. కోళ్లలో ఆమ్లాల అసలు పని బ్యాక్టీరియా మీద.

విడిపోని అణువుదే పని

సేంద్రియ ఆమ్లం తడిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైడ్రోజన్‌ను అంటిపెట్టుకున్న పూర్తి అణువు; రెండోది హైడ్రోజన్‌ను వదిలేసి విద్యుదావేశం తెచ్చుకున్న అయాను. బ్యాక్టీరియా పొర కొవ్వుతో తయారైంది. ఆవేశం ఉన్న అయాను దాన్ని దాటలేదు. ఆవేశం లేని పూర్తి అణువు దాటిపోతుంది. లోపల పీహెచ్ 7కు దగ్గరగా ఉండటంతో అక్కడికి చేరాక విడిపోతుంది. అలా బయటపడ్డ ప్రోటాన్లను గెంటేయడానికి బ్యాక్టీరియా తన ఏటీపీని, అంటే కణం దాచుకున్న శక్తిని, ఖర్చుపెట్టాలి. వెనక మిగిలిన అయాను లోపలే పేరుకుని ఎంజైముల పనిని దెబ్బతీస్తుంది. ముందు పెరుగుదల ఆగుతుంది, గాఢత చాలినంత ఉంటే బ్యాక్టీరియా చస్తుంది. సాల్మొనెల్లా, ఈ. కోలై వంటివి లోపలి పీహెచ్‌ను ఎలాగైనా 7 దగ్గర నిలబెట్టుకోవాలని చూస్తాయి కాబట్టి వాటికి దెబ్బ గట్టిగా తగులుతుంది. మేలుచేసే బ్యాక్టీరియా అయిన లాక్టోబాసిల్లస్ తన లోపలి పీహెచ్‌ను బయటి పీహెచ్‌తో పాటు దిగనిస్తుంది. అయాను దానిలో అంతగా పేరుకోదు. ఆమ్లం ఒకదాన్ని కొట్టి మరోదాన్ని వదలడానికి కారణం ఇదే.

ఏ పీహెచ్ దగ్గర ఎంత శాతం పూర్తి అణువుగా మిగులుతుందో ఆ ఆమ్లపు పీకేఏ విలువ నిర్ణయిస్తుంది. పీహెచ్, పీకేఏ సమానమైతే సరిగ్గా సగం మిగులుతుంది. ఫార్మిక్ ఆమ్లం పీకేఏ 3.75. కందనకాయలో పీహెచ్ 3 దగ్గర దానిలో 85 శాతం పూర్తి అణువే. క్రాప్‌లో, అంటే మెడ కింది తిండిసంచిలో, పీహెచ్ 5 ఉందనుకుంటే మిగిలేది 5 శాతం. చిన్నపేగులో పీహెచ్ 6 దగ్గర అర శాతం. ప్రొపియానిక్ పీకేఏ 4.87, అదే క్రాప్‌లో దానికి 40 శాతం పైన మిగులుతుంది, పీహెచ్ 6 దగ్గర 7 శాతం. ఫార్మిక్‌ను, ప్రొపియానిక్‌ను కలిపి అమ్మడంలో ఉన్న లాజిక్ ఇక్కడుంది: మొదటిది పీహెచ్‌ను దించుతుంది, రెండోది కాస్త ఎక్కువ పీహెచ్ దగ్గర కూడా బ్యాక్టీరియాలోకి చొరబడుతుంది.

ఫాస్ఫారిక్ ఆమ్లం సంగతి కూడా ఈ వెలుగులోనే చూడాలి. చవకైన అసిడిఫయర్లలో దాని వాటా పెద్దదిగా ఉంటుంది. స్ట్రిప్ ముంచితే అంకె ఠక్కున పడిపోతుంది, కొనేవాడికి తృప్తిగా ఉంటుంది. కానీ దాని పీకేఏ 2.15. క్రాప్ పీహెచ్ దగ్గర అది దాదాపు మొత్తం అయానుగానే ఉంటుంది, బ్యాక్టీరియా లోపలికి పోదు. పక్కనున్న ఫార్మిక్‌కో ప్రొపియానిక్‌కో పీహెచ్ దించి సాయపడగలదే తప్ప ఒంటరిగా చేసేది పెద్దగా లేదు. లేబుల్ మీద ఏ ఆమ్లం ఎంత శాతమో విడివిడిగా రాయకుండా ‘మొత్తం ఆమ్లాలు’ అని ఒకే అంకె వేసిన సరుకును పక్కన పెట్టడం మంచిది.

స్వేచ్ఛగా ఉన్న పొట్టి ఆమ్లాలు చిన్నపేగు నడిమి భాగం చేరేలోపే శరీరంలోకి పీల్చుకోబడతాయి. అంటే వాటి పని మేతలో, క్రాప్‌లో, కందనకాయలో పూర్తి కావాలి. మేత క్రాప్‌లో ఎంతసేపు నానితే అంత మంచిది. రోజంతా దీపాలు వెలిగించి, రోజంతా మేత అందుబాటులో ఉంచితే కోడి కొంచెం కొంచెంగా తింటూ ఉంటుంది. మేతలో చాలా భాగం క్రాప్‌లో ఆగకుండానే జారిపోతుంది. కొన్ని గంటల చీకటి ఇచ్చే షెడ్డులో కోళ్లు దీపాలు ఆరేముందు క్రాప్ నింపుకుంటాయి. ఆ మేత తడిసి, లాక్టోబాసిల్లస్ పులియబెట్టి, వేసిన ఆమ్లానికి సమయం దొరుకుతుంది. పైసా ఖర్చు లేని ఈ మార్పు ఆమ్లానికి ఎంత బలమిస్తుందో చాలాచోట్ల గుర్తించరు.

మేతే మింగేసే ఆమ్లం

వేసిన ఆమ్లంలో కోడికి దక్కేది ఎంత అన్నది మేత ఫార్ములా మీద ఆధారపడుతుంది. మేతలోని ప్రతి దినుసుకూ ఆమ్లాన్ని పట్టి విరిచే గుణం కొంత ఉంటుంది. మొక్కజొన్నకు చాలా తక్కువ, సోయా చెక్కకు దానికంటే చాలా ఎక్కువ, ఖనిజాల్లో సున్నపురాయి పొడికి అన్నిటికన్నా విపరీతం. రసాయనశాస్త్రం లెక్క సూటిగానే ఉంది: కిలో స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ 920 గ్రాముల ఫార్మిక్ ఆమ్లాన్ని పూర్తిగా విరవగలదు. పిల్లలకు మొదట పెట్టే స్టార్టర్ మేతలో టన్నుకు 10 నుంచి 14 కిలోల సున్నపురాయి పొడి పడుతుంది. అందులోకి 3 కిలోల ఫార్మిక్ వేస్తే దాన్ని మొత్తం విరవడానికి 3.3 కిలోల సున్నపురాయి చాలు. ఇంకా మూడొంతుల దాకా మిగిలే ఉంటుంది. మేత పొడిగా ఉన్నంతసేపు ఈ చర్య నెమ్మదిగా సాగుతుంది. క్రాప్‌లో తడిశాక వేగం అందుకుంటుంది.

ఇందుకు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, అవన్నీ ఫార్ములా దగ్గరే. దినుసుల్లో ఫైటేట్‌గా బిగిసి ఉన్న ఫాస్ఫరస్‌ను విడిపించే ఫైటేజ్ ఎంజైమ్ వేసి, దానికి తగ్గట్టు కాల్షియం, ఫాస్ఫరస్ నిజంగా తగ్గించాలి. ఎంజైమ్ కొని, ఖనిజాలు పాత మోతాదులోనే ఉంచితే ఆమ్లం కోణంలో లాభం శూన్యం. మెత్తటి సున్నపు పొడి బదులు కొంత ముతక రవ్వ వాడితే అది నిదానంగా కరుగుతుంది, క్రాప్‌లో ఆమ్లాన్ని వెంటనే పట్టేయదు. డైకాల్షియం ఫాస్ఫేట్ స్థానంలో మోనోకాల్షియం ఫాస్ఫేట్ వేస్తే విరిచే గుణం బాగా తగ్గుతుంది. స్టార్టర్‌లో ముడి ప్రోటీన్‌ను ఎత్తుగా పెట్టే బదులు కొంత దించి, కొరతను విడి అమైనో ఆమ్లాలతో సరిచేయడం మరో దారి. అదనపు ప్రోటీన్ ఆమ్లాన్ని పట్టుకోవడమే కాదు, జీర్ణం కాని భాగం సీకాలకు (పేగు చివరి దగ్గరి రెండు సంచులకు) చేరి క్లాస్ట్రిడియం అనే హానికర బ్యాక్టీరియాకు తిండి అవుతుంది.

కాల్షియం ఫార్మేట్ వాడేచోట ఒక్క దెబ్బకు రెండు లాభాలు దొరుకుతాయి. అందులో ఫార్మిక్ వాటా 70 శాతం పైన, కాల్షియం 31 శాతం దాకా. టన్నుకు 5 కిలోలు వేస్తే ఒకటిన్నర కిలోల కాల్షియం వచ్చినట్టే, అందుకు బదులుగా 4 కిలోల సున్నపురాయి తీసేయొచ్చు. ఇలా తీసేయకుండా అదనంగా వేస్తే కాల్షియం ఎక్కువై ఫాస్ఫరస్ అందడం తగ్గుతుంది. కాకపోతే ఇది లవణం. దీనంతట ఇది పీహెచ్‌ను దించదు. కందనకాయలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన తర్వాతే ఫార్మిక్ పూర్తి అణువు రూపం పొందుతుంది. సోడియం ఫార్మేట్‌లో సోడియం మూడో వంతు. టన్నుకు 5 కిలోలంటే మేతలో 0.17 శాతం సోడియం, అంటే మామూలు అవసరమంతా దీనితోనే తీరినట్టు. ఉప్పును, వంట సోడాను తగ్గించకపోతే కోళ్లు నీళ్లు ఎక్కువ తాగుతాయి, లిట్టరు (షెడ్డు నేల మీద పరిచిన పొట్టు) చిత్తడి అవుతుంది, పాదాలకు పుండ్లు పడతాయి. తప్పు ఆమ్లానిది కాదు, కలిపిన చేతిది.

కందనకాయను పనిచేయించడం వీటన్నిటి కంటే చవక. మొక్కజొన్నను మరీ పిండిలా మరపట్టకుండా కొంత ముతకగా ఉంచినా, గోధుమను కొంత గింజగానే ఇచ్చినా, ఓట్స్ పొట్టు వంటి గట్టి పీచు రెండు మూడు శాతం కలిపినా కందనకాయ కండ పెరుగుతుంది, మేత అందులో ఎక్కువసేపు నిలుస్తుంది, పీహెచ్ ఇంకా దిగుతుంది. చెడ్డ బ్యాక్టీరియాకు కోడి స్వయంగా కట్టిన అడ్డుగోడ అది. మేతను పిండి చేసి ఆ గోడను బలహీనపరిచి, ఆ తర్వాత ఆమ్లం డబ్బా కొనడం తలకిందుల పని.

ఏ ఆమ్లం దేనికి

సాల్మొనెల్లా భయం ఉన్న మేతకు ఫార్మిక్, ప్రొపియానిక్ మిశ్రమం టన్నుకు 2 నుంచి 5 కిలోలు సాధారణ మోతాదు. పెల్లెట్ తయారీలో 80–85 డిగ్రీల ఆవిరి వేడి బ్యాక్టీరియాను చాలావరకు చంపుతుంది. కానీ కూలర్‌లోకి లాగే గాలి దుమ్ముతో, ఎలివేటర్లలో, బిన్‌లలో మేత మళ్లీ కలుషితం అవుతుంది. వేడికి ఆ తర్వాతి కాపలా ఉండదు, ఆమ్లానికి ఉంటుంది. మోతాదు సగానికి తగ్గించి ‘కొంతైనా పనిచేస్తుంది’ అనుకోవడం ప్రమాదం. చంపలేనంత తక్కువ ఆమ్లానికి అలవాటుపడిన సాల్మొనెల్లా మరింత పుల్లటి వాతావరణాన్ని కూడా తట్టుకోగలుగుతుంది. ఆ తర్వాత కందనకాయను దాటడం దానికి సులువవుతుంది.

బూజుకు ప్రొపియానిక్, దాని కాల్షియం లవణం. దినుసుల తేమను బట్టి టన్నుకు కిలో నుంచి మూడు కిలోలు వేస్తారు. ఇక్కడ ఒక అపోహ ఖరీదైన నష్టం తెస్తుంది: ప్రొపియానిక్ బూజును పెరగనివ్వదు, అప్పటికే పుట్టిన అఫ్లాటాక్సిన్‌ను మాత్రం ముట్టుకోదు. విషం ఉన్న మొక్కజొన్నకు ఎంత ఆమ్లం పట్టించినా విషం అలాగే ఉంటుంది. పెల్లెట్‌ను వేడి తగ్గకుండా సంచుల్లో కుక్కితే పైపొరలో చెమ్మ చేరి, ఆ ఒక్కచోట తేమ మొత్తం మేత సగటు కంటే చాలా పెరుగుతుంది. అక్కడ బూజు పడితే మోతాదును అనుమానించేముందు కూలర్‌ను చూడాలి.

సిట్రిక్ ఆమ్లం, అదే నిమ్మ ఉప్పు, బ్యాక్టీరియా పొరను దాటడంలో బలహీనమైనది. దాని బలం కాల్షియంను పట్టి ఉంచి ఫైటేట్‌లోని ఫాస్ఫరస్‌ను విడిపించడంలో ఉంది. అందుకు టన్నుకు పదుల కిలోలు కావాలి, ఫైటేజ్ దొరికే రోజుల్లో ఆ ఖర్చుకు అర్థం లేదు. ఫ్యూమరిక్ మేతలో స్థిరంగా ఉంటుంది, నీళ్లలో సరిగ్గా కరగదు.

బెంజోయిక్ ఆమ్లం విషయంలో ఆగి ఆలోచించాలి. పందుల మేతలో టన్నుకు 5 కిలోల దాకా మామూలుగా వాడతారు. క్షీరదాలు దాన్ని గ్లైసిన్‌తో కట్టి మూత్రంలో వదిలేస్తాయి. కోడి శరీరం ఆర్నిథిన్‌తో కడుతుంది. ఆ ఆర్నిథిన్ రావలసింది ఆర్జినైన్ నుంచి, కోడి ఆర్జినైన్‌ను సొంతంగా తయారుచేసుకోలేదు. అంటే వేసిన ప్రతి గ్రాము బెంజోయిక్ కండ పెరగడానికి కావలసిన అమైనో ఆమ్లాన్ని తినేస్తుంది. పందుల మోతాదు కోళ్ల మేతలో పడితే పెరుగుదల మెరుగవదు, తగ్గుతుంది. రెండు రకాల మేతలూ ఒకే మిల్లులో తయారవుతుంటే ఈ సంచి మీద పెద్ద అక్షరాలతో హెచ్చరిక ఉండాలి.

పేగు గోడను కుళ్లబెట్టే నెక్రోటిక్ ఎంటరైటిస్ జబ్బు తెచ్చే క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ మీద ఫార్మిక్ కంటే కొవ్వు ఆమ్లాలు గట్టివి, ముఖ్యంగా 12 కార్బన్ల లారిక్, దాని గ్లిజరాల్ రూపమైన మోనోలారిన్. గ్లిజరాల్‌తో కట్టిన రూపానికి పీహెచ్‌తో పనిలేదు, కాబట్టి చిన్నపేగులో కూడా ప్రభావం నిలుస్తుంది. 8 కార్బన్ల కాప్రిలిక్ సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ వైపు ఉపయోగం. ఏ ఆమ్లమూ కాక్సిడియా (పేగులో పెరిగే పరాన్నజీవి) మందు కాదని మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. క్లాస్ట్రిడియంకు తలుపు తీసేది చాలాసార్లు కాక్సిడియా దెబ్బతీసిన పేగు పొరే. కాక్సిడియా మందు తీసేసి ఆమ్లాన్ని నమ్ముకున్న మందలో మూడు నాలుగు వారాల వయసు దగ్గర ఆ లోటు బయటపడుతుంది.

బ్యూటిరేట్: కోటింగ్ లెక్క

బ్యూటిరిక్ ఆమ్లం (దాని లవణ రూపమే బ్యూటిరేట్) దారి మిగతా వాటికంటే వేరు. పేగు గోడ కణాలకు అది ఆహారం. పొర మరమ్మతు, విల్లైల (పేగు గోడ మీద వేళ్లలా ఉండే మొనల) పెరుగుదల దానితో ముడిపడి ఉంటాయి. సాల్మొనెల్లా పేగు కణాల్లోకి చొరబడటానికి వాడే జన్యువులను బ్యూటిరేట్, ప్రొపియోనేట్ అణచివేస్తాయి; అసిటేట్ అందుకు విరుద్ధంగా వాటిని రెచ్చగొడుతుంది. పెద్ద కోడి సీకాల్లో బ్యాక్టీరియా బ్యూటిరేట్‌ను దండిగా తయారుచేస్తుంది. పిల్ల గుడ్డు నుంచి బయటపడ్డ రోజున అక్కడ ఆ ఆమ్లాల జాడే ఉండదు, రెండు వారాలు వచ్చేసరికి నిండుగా చేరతాయి. బ్యూటిరేట్ మీద పెట్టే ఖర్చు మొదటి పద్నాలుగు రోజుల్లో ఎందుకు ఎక్కువ ఫలిస్తుందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

కోటింగ్ లేని సోడియం బ్యూటిరేట్ క్రాప్ దగ్గరే చాలావరకు పీల్చుకోబడుతుంది. పేగు కింది భాగానికి చేరాలంటే కొవ్వు పూత కావాలి. పూతతో పాటు అసలు సరుకు తగ్గుతుంది. అసలు సరుకు 30 శాతమే ఉన్న పూత రకాన్ని టన్నుకు 500 గ్రాములు వేశామంటే అందులో సోడియం బ్యూటిరేట్ 150 గ్రాములే. బ్యూటిరిక్ ఆమ్లంగా లెక్కిస్తే 120 గ్రాములు. రెండు కంపెనీల ధరలు పోల్చేటప్పుడు కిలో సంచి ధరను కాదు, ఈ చివరి అంకెను చూడాలి. పూత బాగుందా లేదా అన్నది ముక్కు చెబుతుంది: సంచి విప్పగానే పాడైన వెన్న కంపు గుప్పుమంటే పూత పగిలిందని అర్థం. పెల్లెట్ మెషీన్ వేడి, రాపిడి కూడా నాసిరకం పూతను చిదిమేస్తాయి. ట్రైబ్యూటిరిన్‌కు ఈ బెడద తక్కువ. గ్లిజరాల్‌కు మూడు బ్యూటిరిక్ అణువులు అతికిన ఆ రూపాన్ని చిన్నపేగులోని లైపేజ్ విప్పుతుంది. బరువులో 87 శాతం బ్యూటిరిక్కే, కానీ పొడి రూపంలో అమ్మేటప్పుడు వాహకం బరువు కలుస్తుంది కాబట్టి లేబుల్ చూడక తప్పదు.

నీళ్లలో కలిపేటప్పుడు

నీటి దారికి పెద్ద అనుకూలత ఒకటుంది: జబ్బుపడ్డ కోడి మేత మానేస్తుంది, నీళ్లు అంత తొందరగా మానదు. ప్రతికూలత ఏమిటంటే ఇక్కడ జరిగే తప్పులు వెంటనే మంద మొత్తాన్ని తాకుతాయి.

ఎంత ఆమ్లం పడుతుందో తేల్చేది నీటి క్షారత, అంటే ఆమ్లాన్ని విరిచే దాని గుణం. కాఠిన్యం వేరు, క్షారత వేరు. ల్యాబ్‌లో క్షారత విడిగా అడగాలి. లీటరుకు 300 మిల్లీగ్రాముల క్షారత ఉన్న నీటిని పీహెచ్ 4.5కు దించడానికి 85 శాతం ఫార్మిక్ 1,000 లీటర్లకు దాదాపు 320 మిల్లీలీటర్లు కావాలి. క్షారత 100 అయితే 110 మిల్లీలీటర్ల లోపే సరిపోతుంది. పక్క ఫారం మోతాదును అరువు తెచ్చుకుంటే ఒకచోట చాలదు, మరోచోట నీళ్లు విపరీతంగా పుల్లబడి కోళ్లు తాగడం తగ్గిస్తాయి. పీహెచ్ 4 కంటే దిగనివ్వకూడదు. నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది, ఆ రోజు బరువు పోయినట్టే. డోసింగ్ పంపు 1 శాతం మీద ఉంటే పై లెక్కలో 10 లీటర్ల స్టాక్ ద్రావణంలో 320 మిల్లీలీటర్ల ఆమ్లం ఉండాలి. ముందు నీళ్లు పోసి, వాటిలోకి ఆమ్లం వంచాలి. పీహెచ్‌ను ట్యాంకు దగ్గర కాదు, లైను చివరి నిపుల్ (కోడి ముక్కుతో నొక్కి తాగే మొన) దగ్గర చూడాలి. పీహెచ్ 6 చుట్టుపక్కల లక్ష్యం పెట్టుకున్నవారు నమూనాను కొంతసేపు ఆగి మళ్లీ చూడాలి. బైకార్బొనేట్ నుంచి పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయాక అంకె పైకి జరుగుతుంది.

బ్లీచింగ్ ద్రావణాన్ని, ఆమ్లాన్ని ఒకే స్టాక్ డ్రమ్ములో ఎన్నడూ కలపకూడదు. క్లోరిన్ వాయువు వెలువడుతుంది, మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది. రెండూ అవసరమైతే రెండు విడి పంపులతో, లైనులో దూరం దూరంగా ఎక్కించాలి. నీరు కాస్త ఆమ్లం వైపు ఉంటే క్లోరిన్ బాగా పనిచేసే మాట నిజమే. దాని అర్థం రెండు డబ్బాలూ ఒకచోట వంచమని కాదు.

టీకా రోజుల్లో ఆమ్లం ఆపాలి, ముందూ వెనుకా ఒక్కో రోజు చొప్పున. బతికున్న వైరస్ టీకా పుల్లటి నీటిలో బలహీనపడుతుంది. దానికి రక్షణగా వేసే వెన్న తీసిన పాలపొడి కూడా పీహెచ్ 4.6 దగ్గర విరిగి గడ్డకట్టి నిపుళ్లను మూసేస్తుంది. సల్ఫా మందుల సోడియం లవణాలు, క్షార ద్రావణంగా వచ్చే ఎన్రోఫ్లాక్సాసిన్ పుల్లటి నీటిలో అడుక్కి దిగిపోతాయి. మందు ఇచ్చామన్న నమ్మకం మిగులుతుంది, కోడికి మందు అందదు. చికిత్స నడుస్తున్నన్ని రోజులు ఆమ్లం పంపు మూసే ఉండాలి.

తక్కువ మోతాదులో వారాల తరబడి ఆమ్లం పారిన లైనులో జిగట పొర కట్టడం తరచూ కనిపించే సమస్య. పులుపును తట్టుకునే ఈస్ట్‌కు, బూజుకు అలాంటి నీళ్లలోని ఆమ్లమే ఆహారం. వారానికోసారి అధిక పీడనంతో లైను కడగడం, మంద మారేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం నింపి ఉంచి తర్వాత బాగా కడిగేయడం తప్పనిసరి. గాల్వనైజ్డ్ పైపులు, ఇత్తడి బిగింపులు ఆమ్లానికి తినేయబడతాయి. ప్లాస్టిక్, స్టెయిన్‌లెస్ స్టీల్ నయం.

కోతకు ముందు గంటలు ఆమ్లం నీటికి బహుశా అన్నిటికంటే విలువైన సమయం. మేత ఆపిన 8–12 గంటల్లో క్రాప్ ఖాళీ అయి, లాక్టోబాసిల్లస్ తగ్గి, పీహెచ్ పైకి పోతుంది. ఆకలితో కోళ్లు లిట్టరును పొడుస్తాయి. సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ క్రాప్‌లోకి చేరేది అప్పుడే. ఆ గంటల్లో నీళ్లలో 0.44 శాతం లాక్టిక్ ఆమ్లం ఇచ్చిన ప్రయోగాల్లో క్రాప్‌లో ఈ రెండూ తగ్గాయి. కోళ్లకు ఆ రుచి ముందే తెలిసి ఉండాలి. ఆఖరి రోజు ఒక్కసారిగా ఇస్తే తాగవు. రెండు మూడు రోజుల ముందు నుంచి తక్కువ మోతాదుతో అలవాటు చేయాలి.

మిల్లులో

విటమిన్ ప్రీమిక్స్‌లో ఆమ్లం కలిపి నిల్వ ఉంచకూడదు. తేమ, పులుపు, రాగి, ఇనుము లవణాలు ఒకచోట చేరితే విటమిన్లు వారాల్లోనే నీరసిస్తాయి. పొడి ఆమ్లాన్ని నేరుగా టన్ను మేత మీద చల్లకుండా ముందు 20–25 కిలోల మొక్కజొన్న రవ్వలో కలిపి, ఆ తర్వాత మిక్సర్‌లో వేయాలి. ద్రవమైతే పొడి దినుసులు కలిశాక సన్నటి తుంపరగా కొట్టాలి. ధారగా పోస్తే గడ్డలు కట్టి ఒక సంచిలో రెట్టింపు, మరో సంచిలో సున్నా అవుతుంది. 85 శాతం ఫార్మిక్ చర్మాన్ని కాల్చేస్తుంది, ఆవిరి కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, గాలి ఆడే చోటు లేకుండా డబ్బా మూత తీయకూడదు. ఒంటి మీద పడితే వెంటనే పారే నీళ్ల కింద కనీసం 15 నిమిషాలు కడగాలి.

తేడా వచ్చిందా లేదా

శుభ్రమైన ప్రయోగశాల షెడ్డులో ఆమ్లాల ఫలితం చాలాసార్లు అంతంతే. పాత లిట్టరు, ఒత్తిడి, నాసి నీళ్లు ఉన్నచోట ఫలితం పెద్దది. బ్యాక్టీరియా భారం ఉన్నప్పుడే దించడానికి ఏదైనా ఉంటుంది కాబట్టి ఇందులో వింత లేదు. పొరుగు ఫారంలో పనిచేసిన సరుకు ఇక్కడ పనిచేయకపోవడానికి ముఖ్య కారణం కూడా అదే.

ఒకే షెడ్డులో ‘ఆమ్లం వేసిన బ్యాచ్, వేయని పాత బ్యాచ్’ అని పోల్చడం దండగ. వాతావరణం, పిల్లల నాణ్యత, మొక్కజొన్న లోడు మారిపోయి ఉంటాయి. నాలుగు షెడ్లుంటే ఒకే హేచరీ, ఒకే రోజు పిల్లలతో రెండింటికి వేసి రెండింటికి ఆపాలి. తర్వాతి మందకు షెడ్లు తారుమారు చేయాలి. ఎఫ్‌సీఆర్‌ను, అంటే కిలో బరువు పెరగడానికి పట్టిన మేత లెక్కను, చనిపోయిన కోళ్ల బరువు కలిపి సరిచేయాలి. లేదంటే మరణాల తేడా ఎఫ్‌సీఆర్ తేడాలా భ్రమ పెడుతుంది. 14, 21, 28 రోజుల్లో ఒక్కో షెడ్డు నుంచి ఐదారు కోళ్లను కోసి పేగు గోడ, కాక్సిడియా మచ్చలు చూడాలి. లిట్టరు తేమ, పాదాల పుండ్లు, రోజువారీ నీటి మీటరు అంకెలు రాసిపెట్టాలి. రెండు మందల తర్వాత కూడా తేడా కనిపించకపోతే మోతాదు పెంచేముందు మూడు అంకెలు తిరగేయాలి: నీటి క్షారత, స్టార్టర్‌లో సున్నపురాయి, లేబుల్ ప్రకారం టన్నుకు నిజంగా పడుతున్న అసలు ఆమ్లం గ్రాములు. ఆ మూడూ సరిగ్గానే ఉండి తేడా రాలేదంటే ఆ షెడ్డుకు ఆ ఆమ్లం అవసరం లేదు. ఆ ఖర్చును లిట్టరు మార్పిడికో, గాలి ఆడే ఏర్పాటుకో మళ్లించొచ్చు.